విద్యార్థి వ్యాసం: భాష, భయం, చరిత్ర

పరిశోధన వ్యాసం రాయమంటే మన డిగ్రీ, పి.జి. విద్యార్థి ఎందుకు బెదురుతాడు? చదివే అలవాటు పోయిందని అధ్యాపకులు తేలికగా సమాధానం చెబుతారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ బెదురుకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకొని ఆ చరిత్రను కొంత పరిశీలించటం అవసరం. అక్కడి కళాశాలల్లో ఇంటికి మొదటి చదువరులైన పిల్లలు, మగ్గం మీదనుంచీ మెట్టసేద్యం మీదనుంచీ వచ్చినవాళ్ళు, చాలామంది ఉన్నారు.

వచనం రాయటం తెలుగువాడికి కొత్త కాదు. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో కావలి లక్ష్మయ్య వంటివారి సహాయంతో కల్నల్ మెకంజీ దత్తమండలంలో సేకరింపజేసిన కైఫీయతులు చూడండి. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు కట్టించారు, మాన్యం ఎవరిది అన్న సంగతులన్నీ అందులో వాడుక మాటల్లోనే ఉన్నాయి. వాక్యాలు చాంతాడంత పొడుగు. పుక్కిటి కథా, కరణం కవిలెలోని లెక్కా పక్కపక్కనే ఉంటాయి. సమాచారం కోరినవారి ప్రయోజనం వలసపాలన ప్రయోజనమే, సందేహం లేదు. అయినా రాసినవాడికి చెప్పవలసిన విషయం ఉంది, అది అడిగినవాడూ ఉన్నాడు. అందుకే ఆ వచనంలో తడబాటు ఉన్నా భయం లేదు.

భయం పరీక్షతో వచ్చింది. 20వ శతాబ్ది రెండో దశాబ్దంలో మద్రాసు రాజధానిలో దేశభాషల్లో వ్యాసరచన పెద్ద సమస్య అయింది. విద్యార్థి ఏ తెలుగులో రాయాలి? గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, యేట్స్, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఒకవైపు, జయంతి రామయ్య, వేదం వేంకటరాయశాస్త్రి ప్రభృతులు మరొకవైపు నిలిచారు. ఈ వివాదాన్ని మన సాహిత్య చరిత్రలు కావ్యభాషకు సంబంధించిన తగాదాగా చెప్పి ఊరుకుంటాయి. వాస్తవానికి దాని కేంద్రం విద్యార్థి జవాబు కాగితం. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం పుట్టింది ఈ వ్యాసరచన సమస్య నుంచే. ఆనాటికి నెగ్గింది గ్రాంథికవాదులే. 1933లో గిడుగు 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' ప్రకటించి, గ్రాంథికమే రాయాలని శాసించిన పండితులే తమ రచనల్లో ఎన్నిచోట్ల తప్పారో ఎత్తి చూపాడు. ఏళ్ళ తరబడి వ్యాకరణం వల్లించిన పండితుడే జారిపడిన చోట రైతుబిడ్డ నిలబడాలన్నది ఆనాటి పరీక్షల న్యాయం!

1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 1970ల్లోగాని విశ్వవిద్యాలయాల్లో పరీక్షలకూ సిద్ధాంత వ్యాసాలకూ వాడుకభాషకు తలుపులు బాగా తెరుచుకోలేదు. అనంతపురంలో 1968లో పి.జి. కేంద్రంగా మొదలైన సంస్థ 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. అయితే సమస్య తీరిందా? 'శిష్ట వ్యావహారికం' పేరుతో ప్రమాణంగా కూర్చున్నది ప్రధానంగా కోస్తా జిల్లాల విద్యావంతుల భాష. కన్నడ సరిహద్దున, రెండు భాషల నడుమ పెరిగిన హిందూపురం విద్యార్థికి గ్రాంథికం పోయినా ఎర్రసిరా పోలేదు.

ఈ సందర్భంలో పెనుకొండకు చెందిన ఒక ముచ్చట తలచుకోక తప్పదు. పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) బాల్యం పెనుకొండలో గడిచింది. చిన్నవయసులోనే ఆ ఊరి పూర్వవైభవం మీద 'పెనుగొండ లక్ష్మి' కావ్యం రాశారు. తరువాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఎదురైందట. దాని మీద అడిగిన ఒకే ప్రశ్నకు పుటలకొద్దీ రాస్తూ పోయి, తక్కినవాటికి వేళ చాలక పరీక్ష తప్పారని సాహిత్యలోకంలో చెప్పుకుంటారు. ఈ కథను పరీక్షలను ఎగతాళి చెయ్యటానికే అందరూ వాడుకుంటారు. నాకు అందులో మరొకటి కూడా కనిపిస్తుంది. విషయం ఎంత తెలిసినా, అడిగిన ప్రశ్నకు ఎంత చెప్పాలో, ఏది వదలాలో తెలియటం వేరే విద్య. ఆ విద్యను తరగతి గదిలో నేర్పేవాళ్ళు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

నేటి విద్యార్థి పరిస్థితి దీనికి తలకిందులు. తనకు తెలిసిన దానిని వ్యాసంలోకి రానివ్వడు. ధర్మవరంలో పట్టుమగ్గం ఉన్న ఇంటి కుర్రవాడు 'చేనేత సమస్యలు' అన్న వ్యాసాన్ని 'మన దేశంలో చేనేత అతి ప్రాచీనమైనది' అని మొదలుపెడతాడు. పడుగు, పేక, నాడె, అచ్చు అన్న మాటలు ఇంట్లో వినపడతాయి, కాగితం మీదికి రావు. అవి చదువుకున్న మాటలు కావని అతని నమ్మకం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1971లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో చేనేత మాటలకు ప్రత్యేకంగా ఒక మాండలిక వృత్తిపదకోశం వెలువరించింది. 1962 నాటి వ్యవసాయ పదకోశం తరువాత వచ్చిన సంపుటం అది. నేతగాళ్ళ నోటి మాటలను విశ్వవిద్యాలయ పండితులు శాస్త్రంగా స్వీకరించి అర్ధశతాబ్దం దాటింది. ఆ సంగతి నేతగాని కొడుక్కి ఎవరూ చెప్పలేదు. చీర కూలి నిర్ణయించేది ఎవరు, మరమగ్గం వచ్చాక తన వీధిలో ఏ పని ఎవరి చేతినుంచి జారిపోయింది అన్న ప్రశ్నతో మొదలుపెట్టమంటే, అతనికి ఆధారాలు గడప దాటకుండానే దొరుకుతాయి. తండ్రి చెప్పిందే సాక్ష్యమా, షావుకారు పద్దు ఏం చెబుతోంది అన్నది రెండో మెట్టు.

ఆ రెండో మెట్టు నేర్పటానికి హిందూపురం పక్కనున్న లేపాక్షి మంచి బడి. విరూపణ్ణ కళ్ళు గోడకు విసిరిన మరకలంటూ ఎర్రని గుర్తులు చూపిస్తారు. మన విద్యార్థి ఆ కథను చరిత్రగా రాసేస్తాడు, లేకుంటే మూఢనమ్మకమని ఒక్క వాక్యంలో కొట్టిపారేస్తాడు. రెండూ తొందరపాటే. అదే గుడిలో అచ్యుతదేవరాయల కాలపు శాసనాలున్నాయి. శాసనం దేనికి సాక్ష్యమిస్తోంది, కథ దేనికి ఇస్తోంది, రాజు ధనంతో గుడి కట్టిన అధికారి గతి గురించి జనం అలాంటి కథ ఎందుకు చెప్పుకున్నారు అని విడదీసి అడిగితే నాలుగు పుటల వ్యాసానికి సరుకు అక్కడే ఉంది. అధ్యాపకుడు మొదటి చిత్తుప్రతిలో అక్షరదోషాలు దిద్దటం కొంచెం ఆపి, మార్జిన్‌లో 'ఇది నీకెలా తెలిసింది?' అని మాత్రం రాసి తిరిగి ఇస్తే చాలు. దోషాలు దిద్దటానికి రెండో ప్రతి ఉంటుంది.