పావగడ పెద్దలు – పింఛను చరిత్ర

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు ఇంచుమించు చుట్టును ఆంధ్రదేశమే. ఇరువైపులా మాట తెలుగే, కరవు నొక్కటే. అయినను 1956లో భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినపుడు ఈ తాలూకా మైసూరులోనే నిలిచినది. ఆ పొలిమేరయే నేడు మన పెద్దల పింఛనును నిర్ణయించుచున్నది.

వృద్ధుల పింఛనుకు జర్మనీ 1889లోనే చట్టము చేసినది. మన దేశమున ఉత్తరప్రదేశము 1957లో దారి చూపినది. కేంద్రము 1995లో నెలకు 75 రూపాయలతో చేయి కలిపినది. కర్ణాటకము 2007లో 65 ఏండ్లు నిండిన పేదలకు సంధ్యా సురక్షా పథకము పెట్టినది. 2021లో ఆ మొత్తము 1,200 రూపాయలైనది. పొరుగున మడకశిరలో, ఆంధ్ర ప్రభుత్వపు పింఛను 2024లో 4,000 అయినది.

తిరుమణి ప్రాంతమున 2018లో సౌరవిద్యుత్ క్షేత్రము ప్రారంభమైనది. భూమినిచ్చిన రైతులకు ఎకరాకు ఏటా 21,000 రూపాయల కౌలు కుదిరినది. భూమిగల ముదుసలికి అది రెండవ పింఛను. కూలిచేసి బ్రదికిన ముదుసలికి అదియు లేదు.

మనము పొట్టచేతపట్టుకొని దూరము వచ్చితిమి. కన్నవారు ఊరనే యున్నారు. ఈ యుగాదికి పోయినపుడు వారి వయసు పత్రము, బ్యాంకు పుస్తకము చూచి, రావలసినది వచ్చుచున్నదో లేదో విచారింతము. సర్కారిచ్చునది కొంత, తక్కినది మన బాకీ.