స్వగ్రామం అనే గడి

బడిలో చేరిన రోజు మనలో ఎవరికీ పూర్తిగా గుర్తుండదు. కానీ ఆఫీసు గదిలో బల్ల మీద తెరిచిపెట్టిన పెద్ద అడ్మిషన్ రిజిస్టరు చాలామందికి లీలగానైనా గుర్తుంటుంది. వరుస నంబరు, పిల్లవాడి పేరు, తండ్రి పేరు, కులం, స్వగ్రామం, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. నాయిన చెబుతుంటే సారు రాసేవారు. పుట్టిన తేదీ తెలియదంటే సారే జూన్‌లోనో జులైలోనో ఒక తేదీ వేసేవారు. మన బ్యాచ్‌లో సగం మంది ఒకే నెలలో పుట్టడానికి కారణం అదే.

దాదాపు ఇవే గడులున్న రిజిస్టర్లు సముద్రం అవతల కూడా ఉన్నాయని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మారిషస్‌లో మోకా అనే చోట మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. భారతదేశం నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవారి రికార్డులను అక్కడ భద్రపరిచారు. దక్షిణాఫ్రికాలో డర్బన్‌లోనూ, ఫిజీలో సువాలోనూ అలాంటివే ఉన్నాయి. ఓడ ఎక్కే ముందు ప్రతి మనిషికీ ఒక పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు అందులో ఉండేవి. మన రిజిస్టరు పిల్లవాడిని బడిలోకి తీసుకోవడానికి, ఆ పాసు మనిషిని ఊరి నుంచి తీసుకుపోవడానికి.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేశాక తోటల దొరలకు కూలీల కరువు వచ్చింది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ 36 మంది కూలీలతో మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవుకు చేరింది. ఆ తర్వాత దాదాపు అయిదు లక్షల మంది ఆ రేవులో దిగారు. వాళ్లు దిగిన చోటును అప్రవాసి ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా నటాల్‌కు వెళ్లినవారు 1,52,184 మంది. వాళ్లలో ఎక్కువ భాగం మద్రాసు రేవు నుంచి వెళ్లినవారే. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60 వేల పైచిలుకు మంది పోయారు. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు మొదలైంది 1903లో. అయిదేళ్ల ఒప్పందాన్ని, అంటే అగ్రిమెంటును, వాళ్ల నోళ్లు ‘గిర్మిట్’ చేశాయి. అలా వాళ్లు గిర్మిటియాలయ్యారు.

వీళ్లలో తెలుగువాళ్లు చాలామంది గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాలవారు. యానాం దగ్గరి కోరంగి రేవు పేరు తెలుగువాళ్లకే పేరై నిలిచింది. బర్మాలో మనవాళ్లను కోరంగీలనే పిలిచేవారు. 1839 తుపానుకు ఆ రేవు నాశనమైనా పేరు మాత్రం పోలేదు.

ఆ కూలీల మునిమనవలు ఇప్పుడు డాక్టర్లు, టీచర్లు, మంత్రులు. వాళ్లు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: మా తాత ఏ ఊరి నుంచి వచ్చాడు? ఆ గడిలో ఏం రాసి ఉందో చూడటానికి రికార్డులు తిప్పుతారు. గయానాలో పుట్టి అమెరికాలో పెరిగిన గాయిత్ర బహదూర్ అనే రచయిత్రికి తన ముత్తవ్వ పాసు దొరికింది. 1903లో ‘క్లైడ్’ అనే ఓడలో కలకత్తా నుంచి ఒంటరిగా వెళ్లిన ఇరవై ఏడేళ్ల గర్భిణి ఆమె. ఆ కాగితం పట్టుకొని రచయిత్రి బీహార్ దాకా వచ్చింది, తర్వాత 2013లో ‘కూలీ వుమన్’ అనే పుస్తకం రాసింది. ఫిజీలో పుట్టిన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ ఉత్తర భారతం నుంచి వెళ్లిన 45 వేలకు పైగా మంది పాసులను ఒక్కొక్కటిగా చదివి లెక్కగట్టాడు. తన తాత పుట్టిన బహ్రైచ్ ప్రాంతానికి తానే వెళ్లి చూశాడు.

తెలుగువాళ్లకు ఈ వెతుకులాట ఇంకాస్త కష్టం. పాసులో ఇంటిపేరుకు గడి లేదు. తమిళుల మాదిరే మనవాళ్లకూ పేరు, తండ్రి పేరు రాసి వదిలేశారు. తర్వాతి తరంలో తండ్రి పేరే కుటుంబం పేరైంది. మన ఇంటిపేర్లు ఎన్నో ఊరిపేర్లే కదా. ఒక తరం వెనక వదిలివచ్చిన ఊరు ఇంటిపేరులో దాగి ఉంటుంది. అది పోతే సగం దారి పోయినట్టే. పైగా రాసిన గుమాస్తాకు తెలుగు రాదు. తను విన్నట్టు ఇంగ్లీషులో రాశాడు, మారిషస్‌లోనైతే ఫ్రెంచి చెవితో విన్నాడు. కొత్తపల్లి, రామాపురం, అగ్రహారం అని రాసి ఉంటే మాత్రం ఎన్ని కొత్తపల్లులని వెతుకుతారు?

అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. అప్పలస్వామి, అప్పన్న, అప్పలనర్సమ్మ వంటి పేరుంటే చూపు సింహాచలం వైపు తిరుగుతుంది. మారిషస్ తెలుగువాళ్లు నేటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, రామభజనం చేస్తారు. ఉగాది అక్కడ సెలవుదినం. భాష పలచబడినా దేవుడు జిల్లా పేరు చెబుతున్నాడు. మన దగ్గరా అంతే. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి పేరు పెట్టుకున్న మనిషి ఎక్కడ కనబడినా అతని ఊరు ఏ దిక్కున ఉంటుందో మనం ఊహించగలం.

ఇంతకీ ఈ ఓడల కథ మొగుడంపల్లికి ఎందుకని మీరు అడగవచ్చు. మనవాళ్లు ఓడెక్కినవాళ్లు కాదు, రోడ్డెక్కినవాళ్లు. మన పక్కనుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారికి ఒక కొస మచిలీపట్నం, రెండో కొస పుణె. మనవాళ్లు తూర్పుకు పోయింది తక్కువ. షోలాపూర్, పుణె, బొంబాయి దిక్కే పోయారు. బొంబాయిలో కామాటిపుర అనే పేట ఉంది. ఆ పేరుకు ఇప్పుడు వేరే అర్థాలు అంటుకున్నాయి గానీ, అది నైజాం ఇలాకా నుంచి పోయిన కామాటీల పేట. 18వ శతాబ్దం చివర సముద్రపు నీటిని ఆపి, బురద నేలను పూడ్చి నగరం కడుతున్నప్పుడు రాయి మోసి, మట్టి తవ్వింది వాళ్లే. ఆ తెలుగువాళ్లలో కొందరు కాంట్రాక్టర్లయ్యారు. జోతిబా ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాళాజీ కాళేవార్ వంటివారున్నారు. ఆ ‘వార్’ను గమనించండి. మన ‘వారు’ మరాఠీ నీళ్లు తాగి ‘వార్’ అయింది. షోలాపూర్‌లో, నాందేడ్‌లో, ముంబయిలో ‘వార్’తో ముగిసే ఇంటిపేర్లు తెలుగు మూలాలకు మంచి ఆనవాలు.

కానీ కామాటీలకు పాసుల్లేవు. ఎడ్లబండి మీదో, నడిచో, తర్వాత రైల్లోనో పోయారు. ఎవరూ ఎత్తు కొలవలేదు, ఊరి పేరు రాసుకోలేదు. గిర్మిటియా బతుకు నరకమే, అందులో సందేహం లేదు. కానీ ఆ నరకం ఒక కాగితమైనా మిగిల్చింది. స్వేచ్ఛగా పోయిన మనవాళ్లకు అది కూడా మిగలలేదు.

మా నాయనమ్మ అన్న అట్లా పోయినవాడే. రజాకార్ల గొడవకు ముందే, మీసాలు రాని వయసులో బొంబాయి పోయాడట. ఆయనది సంగమేశ్వరుడి పేరు. రెండు మూడు ఉత్తరాలొచ్చాయి, ఆగిపోయాయి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ప్యాంటు, చలువ కళ్లద్దాలు వేసుకున్న ఒకాయన బస్సు దిగి హోటల్ దగ్గర అడిగాడట. ఆయనకు తెలిసినవి మూడే: తాత పేరు, ఊరి పేరు, జిల్లా పేరు. తాత పేరున్నవాళ్లు ఆ తరంలో ఊళ్లో నలుగురైనా ఉండేవారు. ఇంటిపేరు ఆయనకు తెలియదు. ఇక జిల్లా, బీదర్ అన్నాడు. హోటల్ దగ్గర ఉన్నది కుర్రకారు. ‘ఇది మెదక్ జిల్లా సార్, బీదర్ ఆ పక్క కర్ణాటకల ఉంటది, మీ ఊరు అక్కడేదో ఉండొచ్చు’ అని బీదర్ బస్సు చూపించారు. ఆయన ఎక్కి పోయాడు.

సాయంత్రానికి ఈ మాట నాయనమ్మ చెవిన పడింది. నాయిన సైకిలేసుకొని జహీరాబాద్ బస్టాండు దాకా పోయి వచ్చాడు. నాయనమ్మ మాత్రం చూసినవాళ్లందరినీ ఒకటే అడిగింది: ‘ముక్కెట్లుండెరా?’ ఎవరూ గమనించలేదు.

ఆ వచ్చినాయన తప్పు చెప్పలేదు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉంది. నవంబరు 1న మనం ఆంధ్రప్రదేశ్‌లో మెదక్ జిల్లాకు వచ్చాం, బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా అయ్యాం, మొగుడంపల్లి మండలమైంది. ఊరు కదలకుండానే చిరునామా మూడుసార్లు మారింది. 1948 గాయాలప్పుడు ఇక్కడి నుంచి వెళ్లిపోయిన ముస్లిం కుటుంబాల పిల్లలకూ ఇదే చిక్కు, వాళ్ల పెద్దలు చెప్పిన ఊళ్ల పక్కన కూడా బీదర్ అనే ఉంటుంది.

నేను ఉద్యోగం నుంచి దిగాక కొంత వెతికాను. ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను. నైజాం కాలపు భూమి కాగితాల్లో సేత్వార్ ముఖ్యమైనది, అది ఉర్దూలో ఉంటుంది. ఉర్దూ రాతలో పొట్టి అచ్చులు రాయరు కాబట్టి ఒక్క ఊరి పేరును మూడు రకాలుగా చదవవచ్చు, చదివించుకునేటప్పుడు పక్కన కూర్చోండి. ఏడు ఫస్లీలో ఉంటుంది, దానికి 590 కలిపితే మన లెక్కకు వస్తుంది. నెలలు అజూర్, దై, బహమన్ అంటూ నడుస్తాయి. తర్వాతిది 1954–55 ఖాస్రా పహాణీ. పాత సర్కారు దస్త్రాలకు హైదరాబాద్‌లో తార్నాక దగ్గర స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. అయితే ఇవన్నీ భూమి ఉన్నవాడి చరిత్రే. భూమి లేనివాడి పేరు వాటిలో దొరకడం కష్టం. వలస పోయేది ఎక్కువగా వాళ్లే.

వాళ్ల చరిత్ర ఇంకోచోట ఉంది, నోటి మీద. రెడ్లకు పిచ్చకుంట్లవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. ఏటా కాకపోయినా రెండేళ్లకో మూడేళ్లకో వచ్చి కులపురాణం చెప్పి, వంశాలు ఒప్పజెప్పి, తమ త్యాగం తీసుకొని పోయేవారు. మనం బడిలో చదువుకొని తెలివిమీరాక వాళ్లను బిచ్చగాళ్లన్నాం. మా ఇంటికి వచ్చే ముసలాయన ఏడు తరాలు చెప్పేవాడు. నేను అడగాలని తెలుసుకునేసరికి ఆయన లేడు, కొడుకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. నా వెతుకులాటలో నాకు ఎక్కువగా బాధ కలిగించింది ఇదే.

సేత్వార్‌లో మా నాయనమ్మ తండ్రి పేరు దొరికింది, సర్వే నంబరుతో సహా. అన్న పేరు లేదు. ఉండదు కూడా, భూమి ఆయన పేరుకు రాకముందే పోయాడు.

మన సంఘం స్వర్ణోత్సవం పేరున ఏం చేద్దామని కమిటీ అడిగింది. తోరణం కడదామని కొందరు, వాటర్ ప్లాంటు పెడదామని కొందరు అన్నారు. రెండూ మంచివే. నాదొక చిన్న కోరిక. మన బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లను, అంచులు పొడి కాకముందే, హెడ్మాస్టరు అనుమతితో ఫొటోలు తీయించి భద్రం చేద్దాం. అందులో కులం గడి ఉంది, అందరికీ చూపేది కాదు, దాని మీద ఎవరికి అభ్యంతరమున్నా నేను ఒప్పుకుంటాను. వారసులు అడిగితే వాళ్ల వరస ఒక్కటే చూపితే చాలు. మన బ్యాచ్‌లవాళ్లు ఇప్పుడు దుబాయ్‌లో, దమ్మామ్‌లో, డల్లాస్‌లో ఉన్నారు. వాళ్ల మనవలకు ఏదో ఒక రోజు ఈ గడితో పని పడుతుంది. 2024లో మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ కార్డు ఇస్తామని మన రాష్ట్రపతి ప్రకటించారు. ఏడో తరం మనిషి ఏం చూపించి అడుగుతాడు? ఎప్పుడో ఒక గుమాస్తా రాసిన వరసనే.

ముంబయిలో, పుణెలో ఉన్న మన పూర్వ విద్యార్థులకు ఇంకొక మాట. మొగుడంపల్లి, బీదర్ జిల్లా అని చెప్పే కుటుంబం ఎవరైనా తారసపడితే, తాత పేరు సంగమేశ్వరుడిదైతే, సంఘానికి ఒక ఫోన్ చేయండి. ఇంటిపేరు తెలియకపోయినా ఫరవాలేదు. నాయనమ్మ లేదు గానీ, ఆమె ముక్కు మా ఇంట్లో ముగ్గురికి వచ్చింది.