చేట, చీపురు, అడ్డాకు: మన ఇళ్ల పనికి కూడా ఒక చరిత్ర ఉంది

పోస్ట్ కొంచెం పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మేము ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్లం. మా రూముల్లో కొండరెడ్లు ఉన్నారు, కోయలు ఉన్నారు, కొండకమ్మర్లు ఉన్నారు. చాలామంది ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదటివాళ్లం. గ్రూప్-2, డీఎస్సీ, ఎస్ఐ, బ్యాంకు, ఎవరి గోల్ వాళ్లకి ఉంది. ఆ పరీక్షల కోసమే చరిత్ర కూడా చదువుతున్నాం. శాతవాహనులు, కాకతీయులు, విజయనగరం అయ్యాక ఎక్కడో ఒక పేజీలో రంప తిరుగుబాటు వస్తుంది. అక్కడ మన తాతల చేతిలో విల్లు కనిపిస్తుంది. మన నాయనమ్మల చేతిలోని చేట మాత్రం ఏ పేజీలోనూ కనిపించదు. ఈ పోస్ట్ ఆ చేట గురించి.

మేము చెప్పాలనుకున్నది ఒక్కటే. మన ఇళ్లలో చేత్తో చేసే వస్తువులు ఖాళీ టైములో చేసుకునే పనులు కావు. వాటికి కావలసిన సరుకంతా అడవిలో ఉంది. ఆ సరుకు ఎవరిది అనే గొడవ దాదాపు 150 ఏళ్లుగా నడుస్తోంది. మనం చదువుకునే చదువుకి, పెట్టుకునే గోల్స్‌కి ఆ గొడవతో నేరుగా సంబంధం ఉంది.

ముందు పని సంగతి చెప్పుకుందాం. బయటివాళ్లకి చేట అంటే బియ్యం చెరుగుకునే ఒక వస్తువు, అంతే. చేసేవాళ్లకి అది అడవిలోనే మొదలవుతుంది. లేత వెదురు పనికిరాదు, పురుగు పడుతుంది. బాగా ముదిరింది చీరితే విరుగుతుంది. రెండిటికీ మధ్య ఉన్నదాన్ని చూసి, తట్టి, ఎంచుకుని నరకాలి. వానాకాలంలో కొత్త పిలకలు లేస్తాయి కాబట్టి అప్పుడు పొద జోలికి వెళ్లరు. తెచ్చిన వెదుర్ని కత్తితో దబ్బలుగా చీరుతారు. పైన ఆకుపచ్చగా ఉండే పొర గట్టిది, లోపలి తెల్ల పొర మెత్తనిది. ఏది ఎక్కడ వాడాలో చెయ్యి చెబుతుంది. జానెడు, బెత్తెడు, మూరెడు, ఇవే కొలతలు. టేపు ఉండదు, కాగితం మీద గీత ఉండదు. అల్లాక అంచుకి మందం బద్ద వేసి కట్టేస్తారు. వాడేముందు పేడతో అలికితే సందులు మూసుకుపోతాయి.

ఇదే వెదురుతో తట్ట, గంప, జల్లెడ, ధాన్యం పోసుకునే గాదె, చేపలు పట్టే మావు, ఇంటి చుట్టూ దడి, గోడకి తడిక. ఇల్లంతా వెదురే. ఇక కొండ చీపురు గడ్డి చలికాలం చివర్లో కోతకి వస్తుంది. కోసి, ఎండబెట్టి, దులిపి, కట్టలు కడతారు. అడ్డాకు పెద్ద తీగకి కాస్తుంది. ఆకు మధ్యలో చీలి రెండు రెక్కల్లా ఉంటుంది. సన్నటి పుల్లలతో నాలుగైదు ఆకులు కలిపి కుడితే విస్తరి అవుతుంది. మైదానం ఊళ్లలో ఎన్ని పెళ్లిళ్లు మన అడ్డాకు విస్తళ్ల మీద జరిగాయో లెక్కే లేదు.

ఒకప్పుడు వీటి కోసం ఎవరినీ అడగక్కర్లేదు. అడవి పక్కనే ఊరు. కావలసినంత తెచ్చుకోవడం, ఇంట్లో చేసుకోవడం, మిగిలింది సంతలో ఇచ్చి ఉప్పు, బట్ట తెచ్చుకోవడం. ఇందులోకి ప్రభుత్వం ఎప్పుడు వచ్చింది?

రంప తిరుగుబాటు అనగానే మనకి 1922, అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు. దానికి నలభై ఏళ్లు ముందే, 1879లో, అదే కొండల్లో పెద్ద తిరుగుబాటు జరిగింది. దాని కారణాల్లో ముఖ్యమైనది కల్లు. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం అప్పటిదాకా కొండవాళ్ల మామూలు హక్కు. మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ చట్టం తెచ్చి ఇంటి కోసం గీసుకునే కల్లు మీద కూడా ఆంక్ష పెట్టింది, గుత్తదార్లని దింపింది. దాని మీద రంప మునసబుదారు చిగురుపన్ను అని ఇంకో వసూలు. ఇంట్లో తయారయ్యేదాని మీద, ఇంట్లో తాగేదాని మీద బయటివాడు లెక్క కట్టాడు. 1879 మార్చిలో చోడవరం వైపు మొదలైన ఆ గొడవ గూడెం కొండలకి, భద్రాచలం వైపుకి పాకింది. పుస్తకాల్లో దీన్ని శాంతిభద్రతల సమస్యలాగా రాస్తారు. మనం చదవాల్సింది ఇంకోలా: ఇంటి పని మీద ఇంటివాళ్లకి హక్కు ఉందా లేదా అనే ప్రశ్న మన దగ్గర 1879లోనే లేచింది.

తర్వాత మూడేళ్లకి, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవికి గీతలు గీసి రిజర్వు ఫారెస్టు అన్నారు. పోడుకి అడ్డు, పశువుల మేతకి అడ్డు, కట్టెకి అడ్డు. దీనికి తోడు నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డు పనిలో గూడెం తహసీల్దారు బాస్టియన్ కూలీ సరిగా ఇవ్వకుండా జనం చేత పని చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలై 1924 దాకా సాగిన పోరాటం వెనక ఈ అడవి బాధలన్నీ ఉన్నాయి. అటు నిజాం రాజ్యంలో 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది కూడా అడవి మీద, భూమి మీద హక్కు కోసమే. జల్, జంగల్, జమీన్ అని మనం నినాదం ఇస్తాం కదా, అందులో జంగల్ అంటే చెట్లు మాత్రమే కాదు. మన చేట, మన చీపురు, మన విస్తరి కూడా.

ఇప్పుడు వెదురు సంగతి. వెదురు గడ్డి జాతి మొక్క. ఇది సైన్స్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు, చదవని మన తాతలకి ఇంకా బాగా తెలుసు. అయినా 1927 భారత అటవీ చట్టం వెదుర్ని చెట్ల లెక్కలో చేర్చింది. చెట్టు అయితే నరకడానికి పర్మిషన్, మోయడానికి పర్మిషన్ కావాలి. గడ్డిని చెట్టు అన్న ఒక్క మాటతో బుట్ట అల్లే మనిషి దొంగ అయిపోయాడు.

అదే కాలంలో పెద్దమొత్తంలో వెదురు ఎటు పోయింది? హైమెండార్ఫ్ గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1945లో వచ్చింది. కలప, వెదురు కొట్టే పనిలో కొండరెడ్లు వ్యాపారుల దగ్గర అప్పుల్లో ఎలా ఇరుక్కున్నారో అందులో ఉంది. వాళ్లు కొట్టిన వెదురు గోదావరి మీద తేలుతూ రాజమండ్రి చేరేది. తర్వాత కాగితం మిల్లులు: రాజమండ్రిలో, కాగజ్‌నగర్‌లో, భద్రాచలం దగ్గర సారపాకలో. వాటికి వెదురు ముఖ్యమైన ముడిసరుకు. కర్ణాటకలో 1958లో ఒక పేపర్ మిల్లుకి టన్ను వెదురు రూపాయిన్నరకే ఇచ్చారని మాధవ్ గాడ్గిల్ రాశారు. మిల్లుకి టన్నుల్లో చవగ్గా ఇచ్చిన వెదురు, బుట్ట అల్లేవాడు నాలుగు బొంగులు తెచ్చుకుంటే నేరం. ఇంకో మాట ఆలోచించండి. బడిలో మన ముందుతరం చేతికి అందని నోటుబుక్కులో కూడా మన కొండ వెదురే ఉంది.

బడి మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పుకోవాలి. 1937లో వార్ధాలో గాంధీ నయీ తాలీమ్ ఆలోచన పెట్టారు. పిల్లల చదువు చేతిపని చుట్టూ ఉండాలి అన్నారు. 1943లో మార్లవాయిలో హైమెండార్ఫ్ చొరవతో గోండు టీచర్లకి ట్రైనింగ్ మొదలైంది, గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. ఇంటి భాష, ఇంటి పని బడిలోకి రావచ్చని అప్పుడే అనుకున్నారు. మా చిన్నప్పటి బడిలో మాత్రం క్రాఫ్ట్ పీరియడ్ అంటే ఐస్‌క్రీం పుల్లలతో ఇల్లు కట్టడం, థర్మాకోల్‌తో బొమ్మలు చేయడం. పుల్లలు కొనడానికి డబ్బుల్లేక బయట నిలబడ్డవాళ్లు మాలో ఉన్నారు. ఆ పిల్లల ఇళ్లలో ఆ టైముకి అమ్మానాన్నలు వెదురు దబ్బలు చీరుతూ ఉండేవాళ్లు. ఏ టీచరూ ఒక్కసారి కూడా "మీ ఇంట్లో ఏం చేస్తారు, తీసుకురండి" అనలేదు.

చట్టం మెల్లగా మారింది. ఈ భాగం పోటీ పరీక్షలకి కూడా పనికొస్తుంది, గుర్తు పెట్టుకోండి.

1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభకి ఉండాలంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా స్పష్టంగా చెప్పింది. అందులో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల లిస్టులో వెదురు పేరు రాసి ఉంది. సెక్షన్ 3(1)(సి) ప్రకారం వాటిని సేకరించడం, వాడుకోవడం, అమ్ముకోవడం మన హక్కు. కానీ చట్టం ఒకటి, చెక్‌పోస్ట్ ఇంకొకటి. 2008 రూల్స్‌లో తలమీద మోపు, సైకిల్, తోపుడుబండి మీద మాత్రమే తీసుకెళ్లాలని ఉండేది. సంత ఇరవై కిలోమీటర్లు ఉంటే తలమీద ఎన్ని చేటలు మోస్తారు? 2012లో ఆ రూల్ మార్చి, అనువైన ఏ బండి మీదైనా తీసుకెళ్లొచ్చన్నారు. రవాణా పర్మిట్ ఇచ్చే అధికారం కూడా గ్రామసభ పెట్టుకున్న కమిటీకి ఇచ్చారు.

దీన్ని వాడుకుని చూపించింది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖ, గోండుల ఊరు. 2011 ఏప్రిల్‌లో వెదురు పర్మిట్ పుస్తకం ఆ గ్రామసభ చేతికే వచ్చింది. అప్పటి కేంద్ర అటవీ మంత్రి జైరాం రమేష్ స్వయంగా ఆ ఊరు వెళ్లారు. పెద్ద ఊరేం కాదు. కానీ కాగితాలు చదివారు, కూర్చుని మాట్లాడుకున్నారు, పట్టు వదల్లేదు. చివరికి 2017లో వెదుర్ని చెట్టు అనే మాట 1927 చట్టంలోంచి తీసేశారు. గడ్డిని గడ్డి అనడానికి 90 ఏళ్లు పట్టింది. అది కూడా ముఖ్యంగా అడవి బయట పెంచే వెదురుకి ఉపయోగపడే మార్పు. అడవి లోపలి వెదురుకి మనకి దిక్కు 2006 చట్టమే.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు నిషేధం. అంటే విస్తరికి మళ్లీ గిరాకీ ఉంది. కానీ ఆకు మన దగ్గర కొని, మిషన్ మీద నొక్కి, ప్యాకెట్ చేసి అమ్మేది వేరేవాళ్లు అయితే మనకి మిగిలేది ఆకు కోసిన కూలీ మాత్రమే. 1945 పుస్తకంలోని కథే మళ్లీ కొత్తగా మొదలవుతుంది.

ఇక గోల్స్ సంగతి. మా అమ్మలు గోల్ అనే మాట ఎప్పుడూ వాడలేదు. "ఈ రెండు సంతలకి ఇరవై చేటలయితే పిల్లోడి పరీక్ష ఫీజు అయిపోద్ది" అనేవారు. చీపురు కట్టలు హాస్టల్ పెట్టె అయ్యాయి, విస్తళ్లు బస్సు ఛార్జీ అయ్యాయి. సంతలో వంద చెప్తే అరవైకి అడిగేవాళ్ల ముందు గంటలు గంటలు కూర్చుని తెచ్చిన డబ్బు అది. అల్లడం నేర్పమంటే కొందరు తల్లులు "మీకెందుకురా ఈ పని, పెన్ను పట్టుకోండి, చాలు" అంటారు. ఆ మాటలో వాళ్ల కష్టం ఉంది. దాన్ని మేము కాదనం. డిగ్రీ చదివి అందరూ చేటలల్లాలని మేము అనడం లేదు. అల్లాలా వద్దా అనేది ఎవరికి వాళ్ల ఇష్టం. కానీ వెదురు మీద హక్కు ఉంటేనే అది ఇష్టం అవుతుంది. హక్కు లేక మానేస్తే దాన్ని ఇష్టం అనరు.

అందుకే ఉద్యోగం గోల్ పక్కన ఇంకో చిన్న గోల్ పెట్టుకున్నాం. ఈ సెలవుల్లో చేసేది ఇది.

ఒకటి. ఊళ్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చేసే ప్రతి వస్తువు పేరు, దాని భాగాల పేర్లు, కొలతలు, ఏ నెలలో ఏది కోస్తారు, ఏది కోయకూడదు, అన్నీ వాళ్ల మాటల్లోనే రాయడం. కోయ మాట అయితే కోయ మాటే రాయాలి. ఆ పెద్దవాళ్లు పోతే ఆ మాటలు ఏ లైబ్రరీలోనూ దొరకవు.

రెండు. ఊరికి సామూహిక హక్కుల పత్రం వచ్చిందా లేదా కనుక్కోవడం. చాలా ఊళ్లలో పోడు భూమి కోసం ఫారం-ఎ పెట్టారు, అక్కడితో ఆగిపోయారు. సేకరణ హక్కులకి ఫారం-బి, ఊరు కాపాడుకుంటున్న అడవికి ఫారం-సి ఉంటాయి. గ్రామసభ ఎన్నుకున్న 10 నుంచి 15 మంది అటవీ హక్కుల కమిటీ పరిశీలించి, గ్రామసభ తీర్మానం చేసి, డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి పోతుంది. పెద్దల మాట కూడా సాక్ష్యంగా రాసి పెట్టొచ్చు. అంటే మొదటి పనిలో రాసుకున్న నోటుబుక్కు రెండో పనిలో పనికొస్తుంది. మీ నాయనమ్మ ఏ కొండ మీద వెదురు కొట్టిందో, ఏ లోయలో అడ్డాకు కోసిందో చెప్పిన మాట కబురు మాత్రమే కాదు, అది హక్కుకి ఆధారం.

మూడు. ఫారం నింపడం వచ్చినవాళ్లు పక్క ఊరికి కూడా వెళ్లి నింపిపెట్టడం. మన ఇళ్లలో చదువుకున్న మొదటి మనుషులం మనమే. కాగితం చదవగలిగినవాళ్లు లేకే కదా ఇన్నేళ్లు కాగితాలన్నీ మన మీద పనిచేశాయి.

మీ ఊళ్లో చేసే వస్తువుల పేర్లు, మీ భాషలో ఏమంటారో మాకు రాయండి. సవర అన్నలు, గదబ అక్కలు, చెంచు తమ్ముళ్లు, గోండు, కొలాం స్నేహితులు అందరూ రాయండి. ఒక్కో పేరు ఒక్కో సాక్ష్యం.

జోహార్. జై ఆదివాసీ.