ఘంటసాలయు పద్యగానమును

చరిత్ర యనగా రాజుల యుద్ధములు మాత్రమే కాదని తెనుగువారికి నచ్చజెప్పినవారిలో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ముఖ్యులు. ఆయన మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. నైజాము రాజ్యము నడుమ ద్వీపమువలె నుండిన యా చిన్న పరగణా ఆనాడు ఆంగ్లేయుల పాలనలోని కృష్ణాజిల్లాలోనిది. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసి, నేడు సూర్యాపేట జిల్లాలో నున్నది. రాజా నాయని వేంకటరంగారావుగారి యాదరమున 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలియు వెలసినవి. అదే సంస్థానమున తరువాత రైతులు వెట్టిచాకిరిపై తిరుగబడి రనుటయు మఱువరానిది. ఎట్లైనను, గ్రంథము ఇంటింటికి చేరవలెనని ఆ పెద్దల సంకల్పము. కాని 1951 జనాభా లెక్కలనాటికిని మన దేశమున నూటికి 18 మందికే చదువు వచ్చును. తక్కినవారికి పద్యము చేరవలెనన్న చెవి యొక్కటియే దారి. ఆ దారిని వెడల్పు చేసినవారిలో నొకరు, ఆ కృష్ణాజిల్లాలోనే గుడివాడ సమీపమున చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. ఆయనను గాయకునిగా నెఱుగని యిల్లు తెలుగునాట లేదు. వరుసలు కూర్చిన సంగీతదర్శకునిగా మాత్రము ఆయనకు రావలసినంత పరిశీలన రాలేదని మా యభిప్రాయము.

తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు తరంగములు పాడెడివారు. ఆయన మరణించునాటికి వేంకటేశ్వరరావుగారు ఇంకను బాలుడే. సంగీతము నేర్చుకొమ్మని తండ్రి చెప్పిన మాట మనసున నాటుకొని, పెరిగిన పిదప వ్రేలి యుంగరమమ్మి విజయనగరమునకు ప్రయాణమయ్యెను. అచ్చటి మహారాజావారి సంగీత కళాశాలకు ద్వారం వేంకటస్వామినాయుడుగారు అధ్యక్షులు. అయితే ఈ బాలునకు మొదట గురుత్వము వహించి యింట విద్య చెప్పినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. విద్యకు లోటు లేదు; అన్నమునకే లోటు. జోలె భుజమున వేసికొని యిల్లిల్లు తిరిగి మధుకరము తెచ్చుకొనెను. ఆ జోలెలో అన్నము వేసిన గృహిణులలో నొక్కరి పేరైనను ఏ చరిత్రయందును లేదు. ఒక విద్యార్థిని నిలబెట్టినది వారి పిడికెడు మెతుకులే. ఉచిత భోజనవసతి లేని విద్య పేదవానికెంత దూరమో యీ యొక్క వృత్తాంతమే చెప్పును. కళాశాలలో చేరి పట్టము పొందిన పిదప, 1942లో క్విట్ ఇండియా యుద్యమమున పాల్గొని బళ్ళారి చెంతనున్న అల్లీపురము చెఱసాలలో ఆయన శిక్ష యనుభవించెను.

విడుదలయైన పిమ్మట సముద్రాల రాఘవాచార్యులుగారి ప్రోత్సాహమున మదరాసు చేరి, ఆకాశవాణిలో పాడుచు, చిత్రములలో బృందగానము చేయుచు, 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో నేపథ్యగాయకుడయ్యెను. 1949లో 'కీలుగుఱ్ఱము', 'మనదేశము' చిత్రములకు, 1951లో 'పాతాళభైరవి'కి సంగీతము కూర్చెను. 'మాయాబజారు' (1957) సంగీతమంతయు ఆయనదేయని పలువురు తలంతురు; కొన్ని పాటల వరుసలు మొదట సాలూరి రాజేశ్వరరావుగారు కట్టినవి. ఎవరి సొమ్ము వారికీయవలెను.

ఇక అసలు సంగతి. మన రంగస్థలమున పద్యము రాగమునకు దాసియై యుండెను. నటుడు ఒక్క పాదము పాడి, దాని కొసను పట్టుకొని గడియసేపు రాగము తీయును. సభవారు వన్స్‌మోర్ అని కేకలు వేయుదురు. పాత్ర మరణించినను లేచి మరల పాడి మరల పడిపోయెడిదని వేడుకగా చెప్పుకొందురు. పద్యార్థ మెవరికి కావలెను? ఈ ధోరణిని బళ్ళారి రాఘవగారివంటివారు నిరసించిరి గాని, పద్యమును విడువక దోషమును మాత్రము విడుచుట యెట్లో చూపవలసియే యుండెను. ఘంటసాలగారు చూపినది అదియే. ఎత్తుగడకు ముందు రాగచ్ఛాయను సూచించు నొక చిన్న యాలాపన. పిదప మాటలు మాటలుగా, సమాసము నడుమ విఱుగకుండ, అర్థము ముగిసిన చోటనే ఊపిరి. సంగతుల విస్తారమంతయు చివరి పాదమునకు. యతిస్థానమున కాలు తొట్రుపడదు, పలుకు నలుగదు.

దీనికి యంత్రము కూడ తోడ్పడినదని మా తలంపు. ఆనాటి గ్రామఫోను పళ్ళెమున నొక ప్రక్కకు సుమారు మూడు నిమిషములే వ్యవధి. అందులో గడియసేపు రాగమునకు తావు లేదు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము', 'కుంతీకుమారి' పద్యములు ఈ పళ్ళెములమీదనే ఊరూర వినబడినవి. పుస్తకమును చేత పట్టనివారు సైతము ఆ పద్యములను కంఠస్థము చేసిరి. తెనుగు కవికి ఇంతటి శ్రోతృసమూహము అంతకుముందు లభించుట అరుదు.

ఈ సందర్భమున ఆంగ్లదేశపు సంగీతకర్త విలియం వాల్టన్ మాకు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. షేక్‌స్పియర్ నాటకము 'ఐదవ హెన్రీ'ని లారెన్స్ ఒలివియే 1944లో చిత్రముగా తీయగా సంగీతము కూర్చినవా డాయన. అచ్చట నటుడు పద్యమును పలుకును, వాద్యబృందము వెనుకనుండి దానిని మోయును. మనకట్లు కాదు, పద్యమును పాడక తప్పదు, పాడినచో అర్థము చెడకుండుటయు తప్పదు. ఇది మఱింత కష్టమైన పని యని చెప్పుట స్వదేశాభిమానము మాత్రము కాదు.

దోషములు లేవా? తాను సంగీతము కూర్చిన చిత్రములలో పురుషకంఠమునకు చాలవఱకు తన గొంతునే వాడుటచే ఇతర గాయకులకు చోటు తగ్గెను. ఆయన పద్యపు బాణీ యెంత వ్యాపించెననగా, పిమ్మట పాడినవారిలో ననేకులు ఆయన నీడనే పాడిరి. అయితే 'లవకుశ'లో (1963) బాలురిద్దరి గానమును లీల, సుశీల గార్లకు అప్పగించి, రామకథ నంతటిని స్త్రీకంఠములచే చెప్పించెను. ఆయన కూర్పులలో అది మాకు మిక్కిలి యిష్టమైనది. స్వయముగా చిత్రములు కూడ నిర్మించెను. అందు లాభపడినది లేదు.

1970లో పద్మశ్రీ లభించెను. ఆరోగ్యము క్షీణించిన కాలమున ఆయన తలపెట్టినది భగవద్గీత. సంస్కృత శ్లోకమును రాగమున పాడి, వెంటనే దాని తాత్పర్యమును తేట తెనుగున మామూలు గొంతుతో చెప్పెను. 1974 ఫిబ్రవరి 11న, ఏబదియొక యేండ్ల ప్రాయమున, ఆయన మదరాసులో కన్నుమూసిరి. ఆ పళ్ళెము తరువాత వెలువడినది.