చోదకుని చేయి – యంత్రాయువు

ఎద్దుల ఆయువు తోలువాని చేతిలో నున్నదని మా ముమ్మిడివరపు రైతు లెరుగుదురు. విమానయంత్రమునకును అదియే న్యాయము.

1944లో న్యూగినీ ద్వీపమున అమెరికా యుద్ధవిమానములకు పెట్రోలు చాలక, సముద్రముమీద చోదకుల ప్రాణములకే ముప్పు కలుగుచుండెను. 1927లో అట్లాంటిక్ సముద్రమును ఏకాకిగా దాటిన లిండ్‌బర్గు వారికడ కేగి, యంత్రపు చుట్లను నిమిషమునకు 1600కు తగ్గించి, మిశ్రమములో పెట్రోలు పాలు తగ్గించి, లోనికి పోవు గాలి యొత్తిడిని హెచ్చించి నడుపుట నేర్పెను. యంత్రములు చెడునని వారు శంకించిరి. హద్దులలో నడిపిన చెడవని ఆయన నడిపి చూపెను; పోగల దూరమును పెరిగెను.

నేటి జెట్టు చోదకులును బరువు తక్కువై, బాట పొడవై యున్నపుడు పూర్ణశక్తి వాడకయే పైకి లేతురు. అందుచే వేడి తగ్గి, యంత్రములోని చక్రపు రెక్కలు చిరకాలము మన్నును. 2025లో హైదరాబాదున లీప్ అను జెట్టుయంత్రములకు మరమ్మతుశాల ప్రారంభమయ్యెను. మరమ్మతు ఒక యెత్తు, చోదకుని నిగ్రహ మొక యెత్తు అని నా మనవి.