వాంగ్ జీ చెక్కించిన వజ్రచ్ఛేదిక

క్రీ.శ. 868, మే 11. చీనా పంచాంగం ప్రకారం నాలుగవ మాసంలో పదిహేనవ దినం. ఆనాడు వాంగ్ జీ అనే భక్తుడు తన తల్లిదండ్రుల నిమిత్తం వజ్రచ్ఛేదికా ప్రజ్ఞాపారమితా సూత్రాన్ని చెక్కపలకలపై చెక్కించి, కాగితంపై ముద్రింపజేసి, ఉచితవితరణకు సమర్పించాడు. సంస్కృతమూలం నుండి కుమారజీవుడు చేసిన చీనా అనువాదమది. సుమారు ఐదు మీటర్ల ఆ చుట్ట తున్-హువాంగ్ గుహలో లభించి, నేడు లండన్‌లోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్నది. ముద్రణకాలం స్పష్టంగా తెలుపుతూ మనకు దక్కిన సంపూర్ణ ముద్రితగ్రంథాలలో ఇదే ప్రాచీనతమం.

లోకాలను సప్తరత్నాలతో నింపి దానం చేయడం కంటె, ఇందలి నాలుగు పాదాల గాథనొకదానిని గ్రహించి పరులకు బోధించడమే అధికపుణ్యమని ఆ సూత్రమే చెబుతుంది. చేతితో వ్రాస్తే ఒక్క ప్రతి. పలక చెక్కితే అనేకం. ముద్రణను వర్తకమే పోషించిందనుకునేవారు దీనిని గమనించాలి.

అయితే ఆ సూత్రం ఉపదేశించేది దేనినీ అంటిపెట్టుకోని దానాన్ని. ఆహుతినిచ్చి ‘న మమ’ అనే యజమానికి ఈ భావం కొత్త కాదు. మరి వాంగ్ జీ చివర తన పేరెందుకు చెక్కించాడు? అహంకారమనలేము, గోత్రనామాలు చెప్పనిదే మన సంకల్పమూ సాగదు కదా! పైగా ఆ ఒక్క పంక్తి లేకుంటే గ్రంథకాలమే తెలిసేది కాదు.

ఆ తల్లిదండ్రుల పేర్లు మాత్రం అందులో లేవు.