నెత్తుటి బాకీ ఎవరికి చెల్లాలి?

మదీనాకు ఉత్తరాన ఖైబర్ అనే ఒయాసిస్సు ఉంది. ఏడో శతాబ్దం పూర్వార్ధంలో అక్కడ అబ్దుల్లా బిన్ సహ్ల్ అనే మదీనా వాసి శవమై కనిపించాడు. చంపిందెవరో తెలియదు. అతని బంధువులు ముహమ్మద్ ప్రవక్త దగ్గరికి వచ్చి ఖైబర్ యూదుల మీద నేరం మోపారు. మీలో యాభైమంది ప్రమాణం చేస్తారా అని ప్రవక్త అడిగితే, కళ్లతో చూడనిదానికి ప్రమాణం ఎలా చేస్తామన్నారు. పోనీ వాళ్లచేత చేయిద్దామంటే, వాళ్ల మాట నమ్మలేమన్నారు. ఒక మనిషి నెత్తురు లెక్కాజమా లేకుండా ఇంకిపోవడం ప్రవక్తకు ఇష్టం లేకపోయింది. నూరు ఒంటెలు తానే ఇప్పించారు. వాటిని దొడ్డిలోకి తోలినప్పుడు ఒక ఎర్ర ఒంటె తనను తన్నిందని, అప్పటికి కుర్రవాడైన సహ్ల్ బిన్ అబీ హస్మా తర్వాత చెప్పుకున్నాడు. ప్రవక్త మాటలు, చేతలు నమోదు చేసిన హదీసు గ్రంథాల్లో ఆ తన్ను కూడా చేరింది.

హత్య జరిగితే బాకీ ఎవరి మీద పడుతుంది, వసూలు చేసుకునే హక్కు ఎవరిది, హంతకుడు దొరక్కపోతే తీర్చేదెవరు? ఇస్లామీయ నేరన్యాయంలో పద్నాలుగు వందల ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్నలివి. ప్రాణానికి ప్రాణం తీసే శిక్షను ఖిసాస్ అంటారు. దానికి బదులు హతుడి వారసులకు చెల్లించే పరిహారం దియా. గల్ఫ్ వార్తల పుణ్యమా అని మన పత్రికల్లో ‘బ్లడ్ మనీ’గా కనిపించేది ఇదే.

ఈ రెండూ ఇస్లాంతో పుట్టినవి కావు. ఠాణా, కోర్టు, జైలు ఏవీ లేని ఎడారిలో మనిషికి రక్ష అతని తెగే. ఒకణ్ని చంపితే ఆ తెగ మొత్తం లేస్తుందన్న భయమే చట్టం. అయితే ఆ భయానికి హద్దు లేదు. ఒక ఆడ ఒంటెను బాణంతో కొట్టిన గొడవ హత్యకు దారితీసి, బక్ర్, తగ్లిబ్ తెగలు నలభై ఏళ్లు నరుక్కున్నాయని అరబ్బుల సంప్రదాయం. బసూస్ యుద్ధమని దానికి పేరు. గుర్రప్పందెంలో మొదలైన మరో పోరులో అబ్స్, జుబ్యాన్ తెగలు అలసిపోయాక, హరిమ్ బిన్ సినాన్, హారిస్ బిన్ ఔఫ్ అనే ఇద్దరు పెద్దలు ముందుకొచ్చి రెండువైపులా చచ్చినవారి పరిహారం తమ సొంత ఒంటెల మందల నుంచి చెల్లించి పగ చల్లార్చారు. జుహైర్ అనే కవి తన ప్రసిద్ధ ఖసీదాలో (దీర్ఘ కవితలో) కీర్తించింది వీళ్లనే. నూరు ఒంటెల లెక్కకు కూడా ఇస్లాం పూర్వపు కథే ఉంది. ప్రవక్త తాత అబ్దుల్ ముత్తలిబ్ తన కొడుకును బలిస్తానని మొక్కుకుని, బదులుగా పదేసి ఒంటెలు పెంచుతూ చీట్లు వేయించగా, నూరు దగ్గర చీటీ ఒంటెల మీద పడిందంటారు.

ఖురాన్ అడుగుపెట్టింది ఈ నేల మీద. రెండో సూరా (అధ్యాయం) అల్ బఖరాలోని 178వ ఆయత్ (వచనం) స్వతంత్రుడికి స్వతంత్రుడు, బానిసకు బానిస, స్త్రీకి స్త్రీ అంటుంది. విడిగా చదివితే ఇది కఠినంగా, వింతగా అనిపిస్తుంది. వ్యాఖ్యాతలు చెప్పే సందర్భం తెలిస్తే ఎందుకలా ఉందో అర్థమవుతుంది. బలమున్న ఒక తెగ, మా బానిసకు మీ స్వతంత్రుణ్ని చంపుతాం, మా ఆడమనిషికి మీ మగవాణ్ని చంపుతాం అని బీరాలు పలికింది. అలా కుదరదు, ఎవరు చంపితే వాడే జవాబుదారీ అని ఆయత్ ఆ అహంకారానికి కళ్లెం వేసింది. వెంటనే మరో మాట చేర్చింది. హతుడి తరఫువారు క్షమిస్తే వాళ్లు మర్యాదగా అడగాలి, హంతకుడు మంచితనంతో చెల్లించాలి, ఇది దేవుడిచ్చిన వెసులుబాటు అని. ఆ హంతకుణ్ని ప్రస్తావిస్తూ హతుడి బంధువుకు ‘సోదరుడు’ అన్న సంబంధం కలపడం ఆ ఆయత్‌లో నన్ను బాగా కదిలించే చోటు. పదిహేడో సూరాలో వారసుడికి అధికారం ఇచ్చినప్పుడు కూడా, చంపడంలో హద్దు మీరవద్దన్న కట్టడి వెంటే ఉంది. పొరపాటున చంపిన సందర్భం నాలుగో సూరా 92వ ఆయత్‌లో వస్తుంది: ఒక బానిసను విడిపించాలి, కుటుంబానికి దియా ఇవ్వాలి, బానిసను విడిపించే స్తోమతు లేకపోతే రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసం ఉండాలి. దియా ఎంతో మాత్రం ఖురాన్‌లో ఎక్కడా లేదు. ఆడదానికి సగమనీ లేదు.

క్రీ.శ. 632లో చివరి హజ్ ప్రసంగంలో ప్రవక్త ఇస్లాంకు ముందరి అజ్ఞాన కాలపు నెత్తుటి బాకీలన్నీ రద్దు చేస్తున్నానని ప్రకటించారు. మొదట రద్దు చేసింది తన బంధువు రబీఆ బిన్ హారిస్ కొడుకు హత్యకు రావలసిన బాకీని. పరాయివాళ్ల బాకీతో మొదలుపెట్టి ఉంటే ఆ ప్రకటన మీద తెగలకు నమ్మకం కుదిరేది కాదు.

ఆ తర్వాతి రెండు వందల ఏళ్లలో ధర్మశాస్త్రవేత్తలు ఈ కొద్ది ఆయత్‌ల చుట్టూ పెద్ద శాస్త్రమే కట్టారు. కూఫాలో అబూ హనీఫా, మదీనాలో మాలిక్, వాళ్ల తర్వాత షాఫియీ, అహ్మద్ బిన్ హంబల్. నలుగురూ ఒకే గ్రంథం చదివి నాలుగు దారులు పట్టారు; వాళ్ల పేర్లమీదే హనఫీ, మాలికీ, షాఫియీ, హంబలీ మార్గాలు ఏర్పడ్డాయి. కావాలని చంపినవాడికి మరణశిక్షే మూలమని, దియా కావాలంటే హంతకుడు కూడా ఒప్పుకోవాలని హనఫీలు అన్నారు. రెంటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కు పూర్తిగా వారసులదేనని షాఫియీలు, హంబలీలు అన్నారు. వారసుల్లో ఒక్కరు క్షమించినా మరణశిక్ష ఆగిపోతుందని, మిగతావారికి దియాలో వాటా దక్కుతుందని ఎక్కువమంది ఒప్పుకున్నారు. ముస్లిం రాజ్యంలోని యూదుణ్ని, క్రైస్తవుణ్ని చంపిన ముస్లింకు మరణశిక్ష ఉంటుందని, దియా సమానమేనని హనఫీలు గట్టిగా నిలబడ్డారు. షాఫియీలు మూడో వంతు, మాలికీలు సగం అన్నారు.

ఆయుధం మీద జరిగిన వాదన వీటన్నిటికంటే ఆసక్తికరం. మనసులో ఏముందో కనపడదు కాబట్టి చేతిలో ఏముందో చూడాలన్నాడు అబూ హనీఫా. కత్తి, బాణం లాంటి కోసే, గుచ్చే ఆయుధమైతేనే కావాలని చేసిన హత్య. బండరాయితో మోదినా, నీళ్లలో ముంచినా అది దానికి ఒక మెట్టు కింద, పరిహారంతో తేలేది. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ గురువుతో విభేదించారు. ప్రాణం తీసే వస్తువు ఏదైనా ఒకటేనన్నారు. వీరికి బలమిచ్చే ఉదంతం మదీనాదే. నగల కోసం ఒక అమ్మాయి తలను రెండు రాళ్ల మధ్య చితక్కొట్టారు. మాట పడిపోయిన ఆ పిల్ల ముందు ఒక్కొక్క పేరే చదివారు. ఒక పేరు దగ్గర ఆమె తల ఊపింది. ఆ మనిషిని పట్టుకొస్తే ఒప్పుకున్నాడు, అతనికి అదే శిక్ష పడింది. ఆడపిల్లకు బదులు మగవాణ్ని శిక్షించవచ్చా అన్న అనుమానం కూడా ఎక్కువమంది పండితులకు ఈ ఉదంతంతోనే తీరిపోయింది. అలాంటిది దియా దగ్గరికి వచ్చేసరికి స్త్రీకి సగమే అన్న మాట నాలుగు మార్గాల్లోనూ స్థిరపడింది. ఇబ్న్ ఉలయ్యా, అసమ్మ్ అనే తొలితరం పండితులు సమానమేనన్నా వాళ్ల మాట అంచుకు చేరింది. వెయ్యేళ్లు దాటాక కైరోలోని అల్ అజ్‌హర్ విద్యాపీఠం పెద్ద మహమూద్ షల్తూత్ దాన్ని మళ్లీ తలకెత్తుకున్నాడు. ప్రాణం తీసినందుకు ప్రాణం సమానమైనప్పుడు దాని పరిహారం సగమెలా అవుతుందో నాకైతే ఏ తర్కంతోనూ బోధపడదు.

ధర్మం కాలంతో ఎలా నడిచిందో చూడాలంటే ఖలీఫా ఉమర్ దగ్గర ఆగాలి. ఒంటెల ధరలు పెరిగాయని ఆయన దియాను నాణేల్లోకి మార్చాడు. బంగారం వాడే ప్రాంతాలకు వెయ్యి దీనార్లు, వెండి వాడేచోట పన్నెండు వేల దిర్హములు. పొరపాటు హత్యల్లో పరిహారం మోసేది హంతకుడి తండ్రివైపు బంధువర్గం. సైనికులు తెగల్ని వదిలి కొత్త పట్టణాల్లో జీతాల పట్టీలకు ఎక్కాక, ఆ భారాన్ని ఒకే పట్టీలోని సహచరుల మీదికి ఆయన మళ్లించాడని హనఫీలు చెబుతారు. దేవుడి ఆజ్ఞ అని నమ్మినవాళ్లే దాని అమలును ఇంత ధైర్యంగా మార్చారు.

ఈ శాస్త్రం మన ఊళ్లకూ వచ్చింది. మొగలాయీల నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన ఫౌజుదారీ న్యాయం హనఫీదే. ముద్దాయి ఏ మతంవాడైనా అదే వర్తించేది. పన్నెండో శతాబ్దపు మర్గీనానీ రాసిన హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం ‘హిదాయా’ను వారన్ హేస్టింగ్స్ ప్రోద్బలంతో చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషులోకి తెస్తే 1791లో అచ్చయింది. అంతకు కొద్ది నెలల ముందే, 1790 డిసెంబరులో, గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ రెండు మార్పులు చేశాడు. ఆయుధాన్ని కాక ఉద్దేశాన్ని చూడాలన్నది మొదటిది. ఇది గురువును కాదని శిష్యుల పక్షం తీసుకోవడమే కాబట్టి శాస్త్రం లోపలి మార్పే. హతుడి బంధువులు క్షమించినా శిక్ష ఆగకూడదన్నది రెండోది. ఇది మాత్రం మూలానికే తగిలింది. నెత్తుటి బాకీ కుటుంబం చేతిలోంచి సర్కారు చేతికి పోయింది. 1802లో బెంగాల్ నమూనాలోనే మద్రాసు రాజధానిలో కోర్టులు వెలిశాయి. గంజాం నుంచి గుంటూరు దాకా ఉత్తర సర్కారుల్లో హత్య కేసు విచారణకు వచ్చిన దొర పక్కన ఖాజీ, ముఫ్తీ కూర్చుని ఫత్వా ఇచ్చేవారు. 1860లో రాసి 1862లో అమల్లోకి తెచ్చిన శిక్షాస్మృతితో ఆ అధ్యాయం ముగిసింది.

సరిగ్గా రెండు వందల ఏళ్లకు, కారన్‌వాలిస్ లాక్కున్నదాన్ని పాకిస్తాన్ తిరిగి కుటుంబం చేతిలో పెట్టింది. గుల్ హసన్ ఖాన్ కేసులో పాత శిక్షాస్మృతిలోని హత్యా సెక్షన్లు షరియత్‌కు విరుద్ధమని 1989లో సుప్రీంకోర్టు తేల్చడంతో 1990లో ఖిసాస్, దియత్ ఆర్డినెన్సు వచ్చింది. 1997లో అది శాశ్వత చట్టమైంది. దియా 30,630 గ్రాముల వెండి విలువకు తగ్గకూడదన్నారు. ఆడ, మగ తేడా పెట్టలేదు. అంతవరకు మెచ్చుకోవలసిందే. కానీ అదే చట్టంలో 306వ సెక్షన్ ఉంది. సొంత బిడ్డను చంపిన తల్లిదండ్రులకు ఖిసాస్ లేదు. హతుడి వారసుల్లో హంతకుడి బిడ్డ ఉంటే ఖిసాస్ లేదు. అంటే పెళ్లాన్ని చంపిన మొగుడికి, ఆమెవల్ల బిడ్డ ఉంటే చాలు, ఖిసాస్ కింద పడే ఉరి తప్పుతుంది. ఇక పరువు పేరిట అన్న చెల్లెల్ని చంపితే, క్షమించాల్సిన వారసులు ఆ ఇంటివాళ్లే. హంతకుడూ ఆ ఇంటివాడే. 2011లో లాహోర్ నడివీధిలో ఇద్దరు యువకుల్ని కాల్చిన అమెరికన్ గూఢచార కాంట్రాక్టర్ రేమండ్ డేవిస్, ఇరవై లక్షల డాలర్లకు పైగా చెల్లింపుతో రెండు నెలల్లోపే దేశం దాటిపోయాడు. ఆయత్ కోరిన మర్యాద, మంచితనం ఈ రెండుచోట్లా ఎక్కడున్నాయో చట్టం అడగనే లేదు.

2016 జులైలో ముల్తాన్‌లో సోషల్ మీడియా తార కందీల్ బలోచ్‌ను సొంత తమ్ముడు గొంతు నులిమి చంపాడు. దేశం అట్టుడికిపోయింది. ఆ అక్టోబరులో పార్లమెంటు చట్టం సవరించింది. పరువు హత్యలో కుటుంబం క్షమించినా యావజ్జీవం తప్పదంది. 2019లో ఆ తమ్ముడికి ఆ శిక్షే పడింది. తల్లి క్షమించానంది, సాక్షులు అడ్డం తిరిగారు. 2022 ఫిబ్రవరిలో హైకోర్టు అతణ్ని విడుదల చేసింది.

మతపండితుల్లో కొందరు, వారసుల క్షమాపణను కాదనే హక్కు రాజ్యానికి లేదంటారు. వాళ్ల సొంత సంప్రదాయమే వాళ్లను ఖండిస్తుంది. నమ్మించి, మాటువేసి, ద్రోహంతో చంపిన కేసుల్లో కుటుంబం క్షమాపణ చెల్లదని మాలికీలు పన్నెండు వందల ఏళ్ల కిందటే చెప్పారు. మామూలు హత్యలో వారసులు క్షమించినా నూరు కొరడా దెబ్బలు, ఏడాది ఖైదు ఉండాలన్నారు. కుటుంబ హక్కు వేరు, సమాజ హక్కు వేరు అన్న గీత మదీనాలో ఆనాడే గీశారు. 17వ సూరాలో వారసుడికి ఇచ్చిన అధికారం, చచ్చినవారి కోసం గుండె పగిలిన మనిషికి ఇచ్చింది. చంపమని పురమాయించిన తండ్రికి ఆ అధికారం దక్కుతుందని చదవడం ఆయత్‌ను తలకిందులు చేయడమే.

గుండె పగిలినవాళ్లు నిజంగా క్షమించినప్పుడు ఏమవుతుందో ఇరాన్‌లో 2014 ఏప్రిల్‌లో లోకం చూసింది. ఒక పట్టణంలో ఉరికంబం కింద కుర్చీ మీద, మెడకు ఉచ్చుతో, కళ్లకు గంతలతో హంతకుడు నిలబడ్డాడు. కుర్చీ తన్నేసే హక్కు హతుడి తల్లిది. ఆమె వాడి చెంప ఛెళ్లుమనిపించింది. తర్వాత భర్త సాయంతో తన చేతులతోనే ఉచ్చు తీసేసింది. మన శిక్షాస్మృతి ఆ తల్లికి అలాంటి చోటు ఇవ్వదు. మన కోర్టుల్లో హంతకుణ్ని క్షమించి శిక్ష ఆపే హక్కు హతుడి తల్లికి లేదు. ఆ లోటును నేను తేలిగ్గా కొట్టిపారేయలేను.

తెలంగాణకు ఈ చట్టంతో ఉన్న చుట్టరికం వలస బతుకులది. సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయి పోయిన ఐదుగురు, 2005లో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో జైలు పాలయ్యారు. సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ వెళ్లి హతుడి కుటుంబానికి పదిహేను లక్షల రూపాయలు అందజేశారు. ఆ కుటుంబం క్షమాపత్రం ఇచ్చింది. అయినా జైలు తలుపులు తెరుచుకోలేదు. వాళ్లు ఇంటికి చేరింది దాదాపు పద్దెనిమిదేళ్లకు. సౌదీలో మరణశిక్ష పడిన కోళికోడ్ మనిషి కేసు కూడా ఇలాంటిదే. కేరళ జనం 34 కోట్లు పోగుచేసి ఇచ్చారు, 2024 జులైలో మరణశిక్ష రద్దయింది. కానీ సమాజ హక్కు కింద 2025లో అతనికి ఇరవై ఏళ్ల ఖైదు వేశారు. గల్ఫ్ జైల్లో మనవాడు పడ్డాడని తెలియగానే ఊళ్లో చందాలు మొదలుపెట్టేవారికి ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పాలి: దియా కుటుంబం బాకీని తీరుస్తుంది, రాజ్యం బాకీకి విడిగా మరో దరఖాస్తు, మరో వకీలు, మరికొన్నేళ్లు కావాలి.